అజ్టెక్ బంగారం, నేను దాటేసిన పేజీ

పోయిన ఆదివారం మా అమ్మాయి మ్యూనిక్ నుంచి ఫోన్ చేసి, వచ్చే సెలవులకు తానూ అల్లుడూ అమెరికా ఎడారులు చూడబోతున్నామని, అక్కడి ఎండకు ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో చదువుతున్నానని చెబుతూ, మాటల మధ్యలో "నీకేం తెలుసులే అమ్మా, నువ్వెప్పుడూ ఎడారి చూడలేదు కదా" అన్నది. చూశాను, అదీ అజ్టెక్ రాజుల బంగారం వెతకడానికి వెళ్లి చూశాను అన్నాను. "ఎష్ట్, నిజంగానా? యూ నెవర్ టోల్డ్ మీ!" అని అవతల ఒకటే నవ్వు. నిజమే, చెప్పలేదు. ఆ సంగతి ఎత్తితే మావారు నవ్వుతారు, నేను నవ్వలేను; అందుకని ఇంట్లో ఎత్తడమే మానేశాం.

పాతికేళ్ల కిందటి మాట. మావారికి జర్మనీలోని వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి, వరంగల్ నుంచి కుక్కరూ ఇడ్లీరేకులూ మోసుకుని దిగిన మొదటి ఏడాది. ఆ రోజుల్లో వచ్చినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు, కరివేపాకు కోసం రైలెక్కి ఫ్రాంక్‌ఫర్ట్ పోవడం, ఫోన్ కార్డు గీకి అంత పొడుగు నంబరూ నొక్కి బాగున్నారా అనేలోపే కార్డు అయిపోవడం. ఆయన ఉదయం వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవారు. ఇంగ్లీషు ఎమ్మే చదివిన నేను, ఉద్యోగం చేసే వీలులేని వీసాతో, కిటికీ దగ్గర కూర్చుని ఎదుటి పొలాల్లో స్పార్గెల్ అనే తెల్ల కూరకాడల గట్లు లెక్కపెట్టుకునేదాన్ని. హనుమకొండలో ఉన్న మా అక్కకు మాత్రం, ఇక్కడ నాకు చాలామంది స్నేహితురాళ్లని, రోజూ ఎవరో ఒకరు కాఫీకి పిలుస్తారని ఉత్తరాలు రాసేదాన్ని. ఒక్క స్నేహితురాలూ లేదు.

మేం అద్దెకున్న మేడ కింద ఇంటాయనా, ఇంటావిడా ఉండేవారు. పిల్లలు లేరు. ఆయన పద్నాలుగో ఏట బడి మాని, నలభై ఏళ్లకు పైగా రాతిపని చేసిన మేస్త్రీ. చుట్టుపక్కల ఊళ్లలో చర్చి గోడలూ వంతెనలూ బాగుచేసినవాడు. మనిషి పెద్దగా మాట్లాడడు. అలాంటివాడు ఒక ఆదివారం మధ్యాహ్నం మేడమెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, గుడ్డలో చుట్టిన పాత నోటుపుస్తకం చేతికిచ్చి, మీకు ఇంగ్లీషు వచ్చటగా, ఇది నాకు చదివి చెబుతారా అని అడిగాడు.

అది వాళ్ల అన్నగారి పుస్తకం. యుద్ధం అయిపోయాక అమెరికా వెళ్లిన అన్న మళ్లీ తిరిగి రాలేదు. స్పెయిన్ వాళ్లు వచ్చి పడ్డప్పుడు మెక్సికోను ఏలే అజ్టెక్ రాజు మనుషులు బంగారమంతా మోసుకుని నెలల తరబడి ఉత్తరంగా నడిచి, ఎడారిలో ఒక ఎర్రకొండ గుహలో దాచి, గుహ నోరు రాళ్లతో కట్టేశారని అక్కడో కథ ఉంది. ఆ గుహ జాడ తెలిసిందని, ఇంకో ఏడాదిలో దొరుకుతుందని అన్న ముప్పై ఏళ్లపాటు తమ్ముడికి ఉత్తరాలు రాశాడు. ఆయన పోయాక, అక్కడ అలవాటైన ఇంగ్లీషులో రాసుకున్న ఈ పుస్తకం పార్సెల్‌లో వచ్చింది. ఊళ్లో ఎవరికైనా చూపిస్తే నవ్వుతారని ఇంటాయన దాన్ని ఇంటి అడుగున కెల్లర్‌లో ఒక పెట్టెలో దాచుకున్నాడు. పరాయి దేశపుదాన్ని గనక నేను నవ్వనని అనుకున్నాడేమో.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం కింద వాళ్లింట్లో కొలువు. ఇంటావిడ ప్లమ్ పండ్ల కేకు కోసి పెట్టేది, నేను ఒళ్లో నిఘంటువు పెట్టుకుని ఆ ఇంగ్లీషును నా ముక్కల జర్మన్‌లోకి మార్చేదాన్ని, ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. నాకు వచ్చిన జర్మన్ అంతా ఆ బల్ల దగ్గర వచ్చిందే. మావారితో ఏదైనా ఆఫీసుకు వెళ్తే, ఈ పిల్ల ముసలి మేస్త్రీలా మాట్లాడుతుందేమిటని అక్కడివాళ్లు ముచ్చటపడేవారు. పుస్తకంలో గుహ బొమ్మ వచ్చిన రోజున ఆయన కూర్చున్న చోట నుంచి లేచిపోయాడు. "చేత్తో కట్టిన గోడో, కొండ తనంతట తాను పేర్చుకున్న రాయో నేను చూస్తే చెప్పగలను. మా అన్న ఇక్కడ తపాలా గుమాస్తాగా చేసినవాడు, వాడికేం తెలుసు!" అన్నాడు. ఆ వారమే అమెరికా ప్రయాణానికి టికెట్లు అడగడానికి వెళ్లాడు.

ముందుగా చదువుకోవచ్చని పుస్తకం నా దగ్గరే ఉంచేవాడు. చివరి పేజీల్లో ఒకటి నేను ఒంటరిగా చదివాను. ఇక్కడ ఏమీ లేదు, అని రాసుకున్నాడు ఆ అన్న. అది కొండ విరిగి పడ్డ రాయేనని నాకు మొదటి ఏడాదే తెలుసు, తమ్ముడికి మాత్రం దొరుకుతుందనే రాస్తూ వచ్చాను, మరేం రాయను, పెట్రోలు బంకు ఊడుస్తున్నానని రాయనా, అని ఉంది ఆ కింద.

మా అక్కకు నేను రాసిన ఉత్తరాలు ఎవరో నా ముందు విప్పి పరిచినట్టయింది. ఆ ఆదివారం ఆ పేజీ దాటేసి తరవాతి పేజీ చదివాను.

మావారికి చెబితే, "దాచినవా? రేపు తెలిస్తే ముసలాయన ఊకుంటడా? సదివేస్తే అయిపోతది గద" అన్నారు.

"ఎట్ల సదవాలె? ఆయన మొకం సూసినవా నువ్వు?" అన్నాను.

చివరికి నలుగురమూ వెళ్లాం. ముసలివాళ్లకు భాష రాదు, ఆయనకు అక్కడ కారు నడిపే ధైర్యం లేదు. మావారు నడిపారు, నేను దుభాషిని. తవ్వడానికి వీల్లేదని, చూడటానికే వస్తున్నామని ముందే అనుకున్నాం. "దొరికినా వాళ్ల దేశానిదే, ఈయనకు మిగిలేది మోకాళ్ల నొప్పి" అంటూనే ఇంటావిడ టోపీ పెట్టుకుని, ఉడికించిన బంగాళాదుంపలు డబ్బాలో సర్దుకుని మాకంటే ముందు కారెక్కేది. ఆ ఎడారి సంగతి ఎలా చెప్పను! మిరపకాయలు ఆరబోసిన కళ్లం ఆకాశం అంచుదాకా పరిచినట్టు ఎరుపు, చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. మూడో రోజున, బొమ్మలో ఉన్న కొండ నిజంగానే కనబడింది. గుహ నోరు, దానికి అడ్డంగా రాళ్లు, అన్నీ పుస్తకంలో గీసినట్టే ఉన్నాయి.

ఇంటాయన టోపీ తీసి, ఆ రాళ్ల మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. సందుల్లో వేళ్లు పెట్టి చూశాడు. ఒక గంట పట్టింది. మేం ముగ్గురం కారు నీడలో నిలబడ్డాం. తిరిగి వచ్చి, "కట్టింది కాదు. రాలింది" అన్నాడు. అంతే. నీళ్లు తాగాడు.

అప్పుడైనా నేను ఊరుకుని ఉండవలసింది. ఓదార్చాలనే తొందరలో, "మీ అన్నగారు కూడా అదే రాశారండీ" అనేశాను.

"ఎక్కడ రాశాడు?"

చెప్పాను. ఆయన మొహం ఆ కొండకంటే ఎర్రబడింది. "బంగారం లేకపోతే లేకపోయింది. అది మా అన్న నాతో చెప్పుకున్న మాట. దాన్ని ఆపడానికి మీరెవరు?" అన్నాడు. తిరుగు ప్రయాణం మొత్తం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇల్లు చేరాక కూడా అంతే. రోజూ మా ఉత్తరాలు పైకి తెచ్చి చేతికిచ్చే మనిషి, మెట్టు మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఆదివారాలు కింద నుంచి కేకు వాసన వచ్చేది, పిలుపు మాత్రం వచ్చేది కాదు. నేను ఎంత ఏడ్చానో మావారికే తెలుసు.

క్రిస్మస్‌కు ముందు, మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. పుస్తకం పట్టుకుని ఆయన, వెనక ఇంటావిడ. "ఆ పేజీ చదవండి" అన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. "బంకు ఊడవడం తప్పు పనా? ఈ మాట అప్పుడే రాసి ఉంటే నేను వెళ్లి తీసుకొచ్చేవాణ్ణి కదా" అన్నాడు. ఇంటావిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నాతో మాత్రం, "ఆదివారం రండి, ఇంకా నాలుగు పేజీలున్నాయి" అన్నాడు.

మర్నాడు మా అక్కకు ఉన్నదున్నట్టు రాశాను, ఎనిమిది పేజీలు. జవాబుగా ఆమె, నీ స్నేహితురాళ్ల పేర్లు ఉత్తరానికోరకంగా ఉన్నప్పుడే అనుకున్నానే పిచ్చిదానా, అని రాసింది.

ఇంటాయన, ఆ తరవాత ఇంటావిడ, ఇద్దరూ ఇప్పుడు లేరు. మేమూ ఇల్లు మారాం. ఇక్కడికి కొత్తగా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు కొందరు ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. ఫలానా రోజు రమ్మని ఆఫీసు నుంచి వచ్చిన టెర్మిన్ ఉత్తరమైనా, అద్దె కాగితమైనా ఫోను పైన పెడితే చాలు, అదే చదివి చెప్పేస్తుంది, ఒక్క ముక్క వదలదు. మంచిదే, మేం పడ్డ అవస్థలు వాళ్లకు లేవు. అక్కడే కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేస్తారు, అంతా సూపర్ అంటారు. కెమెరా ఎటు తిప్పాలో, ఎటు తిప్పకూడదో వాళ్లకు బాగా తెలుసు. నేను వింటూ ఇంకో గరిటె పప్పు వడ్డిస్తాను. ఏదైనా కాగితం నాతో చదివించుకోరా అని ఒకరిద్దరిని అడిగాను కూడా. ఎందుకు ఆంటీ, మీకు శ్రమ, అన్నారు.