ఓబులమ్మ కొట్టేయించిన మాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వేసవి. ముదిగుబ్బ వైపు ఒక ఊళ్లో పోలీసు స్టేషను ఎదుట రేకుల పందిరి కింద అర్జీలు రాసేవాణ్ణి. ఊరి పేరు చెప్పను. చెబితే నా కథలన్నీ విచారిస్తారు. నా అర్జీ చదివితే రాతిగుండె అధికారి కూడా కళ్లు తుడుచుకుంటాడని ప్రచారం ఉండేది. చేసింది నేనే.

నా కిటుకంతా ఒక్క మాటలో ఉంది: దురదృష్టవశాత్తూ. గొర్రె చచ్చినా, గడ్డివామి కాలినా ముందు ఆ మాట పడాల్సిందే. జరిగింది జరిగిపోయింది, అర్జీదారు తప్పేమీ లేదు అని దాని అర్థం. పరిహారం అడిగేవాడికి అంతకన్నా మంచి మాట దొరకదు.

ఒక పొద్దున ఓబులమ్మ వచ్చింది. ముందురోజు ఆమె భర్త నారాయణప్ప గుట్టకు తోలుకుపోయిన గొర్రెలు సాయంత్రం వాటంతటవే ఇల్లు చేరాయి. మనిషి రాలేదు. ఫోను మోగడం లేదు. ఆ గుట్ట చుట్టూ నీళ్లింకిన పాత బావులు.

రాసింది చదివి వినిపించాను: "దురదృష్టవశాత్తూ నా భర్త గుట్టకు వెళ్లి తిరిగి రానందున..."

ఆమె కాగితం మీద చెయ్యి పెట్టింది. "మా గొర్రెలు చచ్చినప్పుడు రాసినావే, అదే మాట గదన్నా?"

అదేనన్నాను.

"అప్పుడు సారు పదిదినాలకు వచ్చినాడు. చచ్చినవి యాడికి పోతాయిలే అని. నా మొగుడు ఇంగా ఊపిరితో ఉండాడు. ఇది చూసి నిమ్మళంగా వస్తే ఎట్ల?"

మనిషిని కాగితం మీద నేను అప్పటికే పాతిపెట్టేశాను. అది చించేసి సబ్జెక్టులోనే, అంటే అర్జీ నెత్తినుండే వరుసలోనే, "మనిషి బతికి ఉన్నాడు, ఇప్పుడే తాళ్లతో రావాలి" అని రాశాను. ఉన్నాడో లేడో నాకేం తెలుసు? నవ్వుతూ చెప్పిన అబద్ధాలు నాకు లెక్కలేనన్ని. వణుకుతూ రాసింది అదొక్కటే.

ఎస్సై నిలబడే చదివి, జీపు తీయమన్నాడు. నేనూ ఎక్కాను. మొదటి మూడు బావుల దగ్గర కళ్లు మూసుకున్నాను. నాలుగో దాని అడుగున నారాయణప్ప. కాలు విరిగింది, గొంతు పోయింది, ఊపిరి ఉంది.

కొన్నాళ్లకు ఇద్దరూ సాయం కోరే అర్జీకి వచ్చారు. అప్పటికే అలవాటు చేసుకున్న ప్రశ్న అడిగాను: "అయిపోయిందా, ఇంగా ఉండాదా?" ఇప్పటికీ అది అడగందే పెన్ను తీయను.

ఓబులమ్మ మొగుడి కట్టు వైపు చూసింది.

"ఇప్పుడు రాయన్నా ఆ మాట. కాలికి మాత్రమే."