దుబాయి విమానం, నా దారపు లెక్క

నవ్వుకుంటే నవ్వుకోండ్రి గని, ఈ ముచ్చట మా బళ్లె మాత్రం చెప్పకుండ్రి. పోయిన ఆయితారం నా తెలివే నన్ను నిండ ముంచింది.

సిద్దిపేటల మా పక్కింటి సలీం దుబాయిల మేస్త్రీ పని చేస్తడు. పోయినప్పుడు ఆయన భార్య షాహెదా కడుపుతోటి ఉండె. ఇప్పుడు పిల్ల నస్రీన్‌కు మూడేండ్లు దాటినయ్. తండ్రిని ఫోటోల చూసుడే. వస్తున్ననని సలీం ఉత్తరం రాసిండు. పొద్దుగాల ఆరింటికి దుబాయిల విమానం ఎక్కుతడట, పదకొండింటికి హైదరాబాద్‌ల దిగుతడట. బయటికి రాంగనే ముందుగాల బిడ్డ మొఖమే చూడాలె అన్నడు.

ఉత్తరం నాకు చూపెట్టిన్రు. సోషల్ సారును గద, ఊకుంటనా? అట్లాసు తెరిచి, దుబాయికెల్లి హైదరాబాద్ దాంక దారం పెట్టి కొలిచిన. అటిటు రెండున్నర వేల కిలోమీటర్లు. అంటే మూడున్నర గంటల్ల రావాలె. మరి ఉత్తరంల ఐదు గంటలున్నయేంది? ఎదురుగాలి ఉంటదిలే అనుకున్న. గాడ జర ఆగి ఆలోచిస్తే నా ఇజ్జత్ దక్కేది.

షాహెదా పొద్దుగాల్నే పోదామన్నది. "లేదమ్మా, పదకొండంటే వాళ్ల గడియారం. మన గడియారం గంటన్నర ముందుంటది. మనకు పన్నెండున్నర అయితది" అన్న. ఇంక సామాను, చెకింగు అని ఓ గంట కలిపిన. సారు చెప్పిండు గద అని ఆమె, ఆమె అత్త ఇద్దరు నమ్మిన్రు!

జీపు కిరాయికి మాట్లాడి, దారిల ప్రజ్ఞాపూర్‌ల చాయ్ గూడ తాగి, తీరుబడిగ ఒకటిన్నరకు ఎయిర్‌పోర్టుకు పోయినం. తండ్రికి కనవడాలెనని నస్రీన్‌ను నేనే భుజం మీద ఎత్తుకున్న. రెండయింది, మూడయింది. సలీం లేడు. షాహెదా కండ్లు తుడుసుకునుడు మొదలు పెట్టింది. లోపలికి పోయి అడిగితే, కౌంటర్ల ఆయన నన్ను కింది నుంచి మీది దాంక చూసిండు.

"ఆ విమానం పదకొండింటికే వచ్చింది. టికెట్ మీద ఎక్కే టైము అక్కడిది, దిగే టైము ఇక్కడిది. ఆ గంటన్నర అండ్లనే కలిసి ఉంటది."

అంటే నా దారం చెప్పిన మూడున్నర గంటలే నిజం! దారానికున్న తెలివి నాకు లేకపాయె.

తిరిగి సిద్దిపేట వచ్చేసరికి పొద్దుగూకుతుంది. సలీం మా అరుగు మీద కూసున్నడు. ఎయిర్‌పోర్టు గేటు కాడ ఒంటిగంట దాంక చూసి, టాక్సీల వచ్చిండట. ఇంటికి తాళం. మా ఇంటామె అన్నం పెట్టింది. నన్ను చూడంగనే అన్నది గద:

"దుబాయికెల్లి వచ్చినోడు తిని కూసున్నడు. హైదరాబాద్ పోయినోళ్లు ఇప్పుడొస్తున్రా?"

సలీం లేచి బిడ్డ దిక్కు వచ్చిండు. చేతులు చాపిండు. "మీ అబ్బా వచ్చిన్రు బేటా, పో" అన్నది షాహెదా. నిద్రల లేచిన నస్రీన్ ఆయన్ను చూసి, బెదిరి, నా మెడ గట్టిగ పట్టుకొని ఏడ్వవట్టె. ఆయన చేతులట్లనే ఉన్నయ్. "పర్వాలేదు సార్, మా కోసమే గద పోయిన్రు" అన్నడు. తిట్టినా బాగుండు. సిగ్గుతోటి సచ్చిపోయిన.

రెండున్నర వేల కిలోమీటర్లకు మూడున్నర గంటలని లెక్క గట్టిన మొనగాణ్ని నేను. నా భుజం మీదికెల్లి ఆయన చేతులల్లకు ఆ పిల్ల పోనీకె నాలుగు దినాలు పట్టింది. ఆ నాలుగు దినాలు నేను ఎనుక గల్లీలకెల్లే బడికి పోయిన.