పురుగులకు పడని గులాబీ వాసన

మా ఇంట్లో పట్టుపురుగులు మూడో జ్వరం నుంచి లేచిన మర్నాడు నేను ఢిల్లీకి విమానమెక్కినాను. జ్వరమంటే రోగం కాదు. పురుగు మేత మాని, కదలకుండా పడుకొని, పాత చర్మం వదిలి లేస్తుంది. మా కోలారు పక్క దాన్ని జ్వరమనే అంటాము. నాలుగో జ్వరం లేచినంక పెద్దమేత. అప్పుడు ఇద్దరి చేతులు ఉండాల్సిందే. లేదంటే ఆకుతోట పనితో కలిపి రెండు నెలల కష్టం మట్టిపాలే. "పెద్దమేతకు వచ్చేస్తానప్పా" అని మా ఆయన మునిరాజప్పకు మాటిచ్చి బయలుదేరినాను.

ఢిల్లీలో పెళ్ళి, మా స్నేహితురాలి కూతురిది. ఆమె, స్టెల్లా, నేను ముగ్గురమూ కేజీఎఫ్ బడిలో ఒకే బెంచీ. స్టెల్లా నాయన గనిలో పనిచేసినాడు. స్టెల్లా ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో బట్టలు కుడుతుంది. విమానం ఆమెకు కొత్త కాదు, నాకు ఇదే మొదలు.

పొద్దున్నే మా ఊరు కామసముద్రంలో ప్యాసింజరు పట్టుకున్నాను. బంగారుపేటలో స్టెల్లా ఇడ్లీ పొట్లాలతో ఎక్కింది. బెంగళూరు కృష్ణరాజపురంలో దిగి విమానాశ్రయం బస్సు ఎక్కినాము. మీరు పోతే ఆ రోడ్డుకు చేతిలో టైము పెట్టుకోనే పోండి, బండ్లు కదిలితే కదిలినట్టు, లేకుంటే లేదు.

తనిఖీ దగ్గర స్టెల్లా సంచి తెరిపించినారు. అన్నీ చిన్న చిన్న క్రీము డబ్బాలే.

"పెళ్ళికి పోతాండావా, అంగడి పెడతాండావా?" అన్నాను.

"లోపల గాలి తగిలినంక అడుగు, చెప్తాను" అనింది.

విమానం లేచింది పన్నెండు దాటినంక. అర్ధగంట కాలేదు, పెదాలు బిగుసుకున్నాయి. ముక్కులోపల మంట. పురుగులకు మల్బరీ ఆకు కోసి కోసి నా వేళ్ళు ముందే గరుకు. ఇప్పుడు చీర కొంగు సరిచేసుకుంటే దారాలు తగులుకుంటాండాయి. స్టెల్లా డబ్బా మూత తీసింది. గుప్పుమని గులాబీ వాసన.

"పూసుకోవే."

"ఒద్దు. ఇంట్లో పురుగులుండాయి."

"పురుగులు కామసముద్రంలో ఉండాయి, మనము మేఘాలమీద ఉండాము. యాడికి యాడే!"

నవ్వితే నవ్వనీ. పురుగులున్న ఇంట్లో సెంటు, పౌడరు, అగరుబత్తి, బీడీ ఏవీ కూడదు. తలలో మల్లెపూలు పెట్టుకోనొచ్చిన చుట్టాన్ని కూడా మేము వాకిట్లోనే కూర్చోబెడతాము. వాసన సోకితే పురుగు తల పైకెత్తి ఆకు వదిలేస్తుంది. ఆ క్రీము చీరలోనో జుట్టులోనో దాక్కోని ఇంటిదాకా వస్తే? పెళ్ళైనప్పట్నించీ నా ఒంటికి వాసన పూసుకోలేదు, మేఘాలమీద పూసుకుంటానా!

పక్క సీట్లో చిత్తూరామె మా జగడమంతా విని, "తలపైన గాలి నీ మొగానికే కొడతాండాది, ఆ మూత తిప్పేయమ్మా" అనింది. నేను రెండోసారి కాఫీ అడగబోతే, "కాఫీ మాను, నీళ్ళు తాగు" అనింది. అసలు సంగతి ఆమెకు చెప్పలేదు. విమానంలో బాత్రూమని ఉండే ఆ ఇరుకు గదికి పోవాలంటే భయమేసి, ఒక కాఫీ తప్ప పొద్దున్నుంచి నీళ్ళే ముట్టలేదు. ఎంత బుద్ధిలేని పని!

ఢిల్లీ చలి మిగతాది చేసింది. కాగే నీళ్ళతో స్నానం చేస్తే చర్మం ఇంకా పగిలింది. చేతులకు గోరింటాకు పెడతామని పిల్లలొస్తే దానికీ వాసనని ఒద్దన్నాను. పెళ్ళిలో అక్షింతలు వేస్తాంటే బొటనవేలు చీలి బియ్యానికి రక్తం అంటింది. ఎవరూ చూడకముందే ఆ గింజలు కొంగులో కట్టుకున్నాను. స్టెల్లా మాత్రం చూసింది.

తిరుగు ప్రయాణంలో నాకు తెలివొచ్చింది. ఎక్కకముందే కడుపునిండా నీళ్ళు తాగినాను, గాలి మూత తిప్పినాను, మేజోళ్ళు వేసుకున్నాను, తలమీదుగా శాలువా కప్పుకున్నాను. ఒళ్ళు హాయిగా ఉంటే నిద్ర పట్టేసింది.

లేచేసరికి గులాబీ వాసన. నా చేయి స్టెల్లా ఒళ్ళో ఉండాది. ఒక్కో వేలూ పట్టుకోని చీలికల్లోకి క్రీము రుద్దుతాండాది.

"నా కొంప ముంచినావు కదే!" అని అరిచినాను. ముందు సీటు వాళ్ళు తిరిగి చూసినారు.

"ఆ చేతులు చూస్తే ఏడుపొస్తాంది, నేనేం చేసేది?" అనింది. ఆ ఇరుకు గదికే పోయి, భయం సంగతి మరిచి, ధారగా కూడా రాని కొళాయి కింద చేతులు కడుక్కున్నాను. అక్కడి సబ్బు కూడా వాసనదే! బంగారుపేటలో స్టెల్లా తన ఊరికి పోయే మరికుప్పం రైలుకు మారేటప్పుడు పోయొస్తానంటే నేను తల కూడా ఊపలేదు.

ఇల్లు చేరేసరికి సాయంత్రం మేత వేళ. పురుగులు నాలుగో జ్వరం లేచి ఉండాయి. పురుగులింటి గడపలో మా ఆయన నా చేయి పట్టుకోని వాసన చూసినాడు.

"లోపలికి రావద్దు."

ఆ పూటకు నా బదులు చేతికింద మా తోడికోడలు వెంకటమ్మ వచ్చింది. నేను పెరట్లో కూర్చోని చింతపండుతో, రాగిపిండితో, బూడిదతో చేతులు రుద్దుకున్నాను. చీలికలు భగ్గుమన్నాయి. తలంటుకోని చీర కూడా మార్చి వచ్చినాను.

మళ్ళీ వాసన చూసినాడు. ఈసారి చేయి వెలుతురుకు తిప్పి, వేళ్ళు ఒకటొకటిగా చూసినాడు.

"ఇంకా ఉండాది" అన్నాడు. "రేపు మేతకు రా."

నేను కూడా చూసుకున్నాను. బూడిద వాసన తప్ప ఏమీ లేదు. పక్క వీధిలో బీడీ ముట్టిస్తే కనిపెట్టే మనిషి, ఈయనకు తెలీదా! పచ్చిపుండ్లకు ఆకు పసరు తగిలితే ఎట్లుంటుందో ఆయప్పకు తెలుసు. కోపమొచ్చింది, పోయి అరుగుమీద కూర్చున్నాను. లోపల వెంకటమ్మతో, "ఈ పూట ఆమె వంతు మేత కూడా నేనే వేస్తాలే" అంటాండాడు.

మీరు విమానమెక్కితే నీళ్ళు తాగండి, భయపడొద్దండి. మందులంగట్లో ఒంటికి పూసే వాసన లేని జెల్లీ దొరుకుతుంది, అదొకటి సంచిలో వేసుకోండి. నాకది తర్వాత తెలిసింది.

ఆ పూట అరుగుమీద ఊరికే కూర్చొని, లోపల పురుగులు ఆకు కొరికే చప్పుడు వింటా, స్టెల్లాకు ఫోను చేసినాను.

"నీ గులాబీ ఇంకా పోలేదంటనే" అన్నాను.