లిఫ్టు ఆగని అంతస్తులో లిస్బన్

నిన్న సాయంత్రం సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకు లిఫ్టు ఎక్కేసరికి, నాకంటే ముందు దిగిపోయిన ఎవరో పెద్దాయన మోకాళ్ళకి దట్టించుకున్న నీలగిరి తైలం ఘాటు లోపలే నిలబడి ఉంది. మనిషి దిగాడు గానీ వాసన దిగలేదు. పన్నెండో అంతస్తు దాకా అదీ నేనూ పక్కపక్కనే ప్రయాణం చేశాం. తలుపు తెరుచుకునేసరికి నేను పదేళ్ళ పిల్లనైపోయి, బిషాన్‌లో మా పాత ఫ్లాటు ముందు కారిడార్‌లో, మా నాయనమ్మ పేముకుర్చీ పక్కన చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పోర్చుగల్ రాజధానిలో ఏ హోటల్లో దిగాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నాను.

ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో మా బ్లాకు లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు. కింద ఆగేది, అయిదులో ఆగేది, తొమ్మిదిలో ఆగేది, మేముండేది ఏడులో. అయిదులో దిగి రెండంతస్తులు ఎక్కాలి, లేదంటే తొమ్మిదిలో దిగి రెండంతస్తులు దిగాలి. ఆ లిఫ్టు మాకు పక్కింటివాళ్ళ కారు లాంటిది: రోజూ కనబడుతుంది, మన గుమ్మం దాకా రాదు. నాయనమ్మ చేపలూ కూరలూ అమ్మే తడి మార్కెట్ గచ్చు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకునేదాకా ఆ మెట్ల సంగతి మేమెవరం పట్టించుకోలేదు. ఆపరేషన్ చేసి, చేతికి నాలుగు కాళ్ళ వాకర్ ఒకటిచ్చి ఇంటికి పంపాక, ఆమె లోకం మా గుమ్మం నుంచి అటు నాలుగు గుమ్మాలు, ఇటు నాలుగు గుమ్మాలు అయిపోయింది. ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే ఇద్దరు మనుషులు వచ్చి స్ట్రెచర్ మీద మోసుకుపోయేవాళ్ళు. దారి పొడుగునా గట్టిగా కళ్ళు మూసుకునేది. మరి దేనికీ దిగనని ఒట్టు పెట్టుకుంది. "నన్ను సవంనాగ మొయ్యకండిరా. ఆ పని ఎలాగూ ఒకపాలి సేస్తారు, దానికి రియార్సల్లెందుకూ?" అనేది.

ఆమె దిగకపోతే అమ్మ దిగదు, ఒంటరిగా వదలకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి. అమ్మ మార్కెట్‌కి పోతే నేను దిగను. బడి నుంచి నేరుగా ఇంటికి రావడం, బ్యాగు పడేయడం, నాయనమ్మకి కాపలా కూర్చోవడం. కింద పిల్లలు రబ్బరుబ్యాండ్లు గొలుసుగా అల్లి, ఇద్దరు పట్టుకుంటే మూడోది గెంతే ఆట ఆడుతుంటే, నేను కారిడార్ గోడ మీద గడ్డం ఆనించి చూసేదాన్ని. ఏడో అంతస్తు నుంచి చూస్తే ఆటలో ఎవరు దొంగాట ఆడుతున్నారో చక్కగా తెలుస్తుంది. అరిచి చెప్పేదాన్ని, కింద జుట్లు పట్టుకునేవాళ్ళు. అదీ నా ఆట.

సింగపూర్‌లో ఋతువులు రెండే: వాన పడుతున్నది, వాన పడబోతున్నది. ఆ రెండింటి మధ్యా వెదురు గెడల మీద బట్టలు ఆరబెట్టుకుంటూ, తీసుకుంటూ ఏళ్ళు గడిపేవాళ్ళం. పండగలు మాత్రం మెట్లెక్కి మా దగ్గరికే వచ్చేవి. ఉగాదికి నాన్న టెక్కా మార్కెట్ నుంచి తెచ్చిన వేపపువ్వు, మామిడికాయ వేసి నాయనమ్మ కలిపిన పచ్చడి గిన్నెలు నేను గుమ్మం గుమ్మానికీ ఇచ్చొచ్చేదాన్ని. పక్కింటి చైనా అంకుల్ వాళ్ళ కషాయం ఏ మొహంతో మింగేవాడో అదే మొహంతో మా పచ్చడీ మింగి, బాగుందని బొటనవేలు చూపించేవాడు. వాళ్ళ కొత్త సంవత్సరానికి వాళ్ళావిడ వెన్న ఓడుతున్న అనాస టార్టులు డబ్బాతో ఇచ్చేది. హరిరాయకి, అంటే మలాయ్ వాళ్ళ రంజాన్ పండక్కి, చివరింటి నుంచి కొబ్బరాకు బుట్టల్లో ఉడికించిన అన్నం ముద్దలు, కొబ్బరిపాల కోడికూర. ఊరంతా మా ఏడో అంతస్తుకి వచ్చి తినిపించి పోయేది. మేమే ఎక్కడికీ పోయేవాళ్ళం కాదు.

నాన్న మాత్రం రోజూ విమానం ఎక్కేవాడు. "విమానాల్లో పని" అనేవాడు దర్జాగా. దిగిపోయినవాళ్ళ సీట్ల కింద ఊడవడమని గుచ్చి గుచ్చి అడిగినవాళ్ళకే చెప్పేవాడు. అన్ని దేశాల విమానాలూ ఎక్కాడు, ఏ ఒక్కటీ ఆయన లోపలుండగా గాల్లోకి లేవలేదు. చెత్తసంచిలోకి పోవాల్సిన పత్రికలూ మ్యాపులూ నాకోసం తెచ్చేవాడు. అలా వచ్చిందే లిస్బన్ గైడు: ముందు పేజీలు ఊడిపోయి, చరిత్రా భూగోళం వదిలిపోయి, ఎక్కడ దిగాలి, ఏం చూడాలి అనే రెండే అధ్యాయాలు మిగిలిన పుస్తకం. సెకండరీ టూలో, అంటే ఎనిమిదో తరగతిలో, బడీ నేనూ ఒకరికొకరు దండం పెట్టుకుని విడిపోయాం గనక, జీవితంలో నేను శ్రద్ధగా చదివిన పాఠ్యపుస్తకం అదొక్కటే.

సాయంత్రం నాలుగింటికి, మోకాళ్ళకి తైలం పట్టించుకోవడం అయ్యాక, నాయనమ్మ కేకేసేది. వాళ్ళ అమ్మానాన్నా విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు మూటగట్టుకొచ్చిన తెలుగు ఆమెది.

"ఒలే గుంటా, ఆ పుస్తకం అట్టుకురా. ఇయ్యాల ఏ ఓటలు?"

నేను ఒక్కొక్క హోటలూ చదివి, వచ్చిన మేరకు తెలుగులో చెప్పేదాన్ని. నీలంరంగు పెంకులు అంటించిన గోడలు, ఇనప బాల్కనీ, నది కనిపించే కిటికీ... అన్నీ విని, చివర ఒకే ప్రశ్న.

"లిఫ్టుందేటి?"

పేరు పక్కన లిఫ్టు బొమ్మ ఉంటే ఉన్నట్టు. లేకపోతే "కొట్టీయే". బొమ్మ ఉన్నా ఆమెకి నమ్మకం కుదిరేది కాదు, "అన్నిట్లోనీ ఆగుద్దని రాసినాడేటి?" అని నిలదీసేది. అలా ఎందరు యూరోపియన్లు అపురూపంగా చూసుకునే హోటళ్ళు మా కారిడార్‌లో ముక్కూమొహం లేకుండా కొట్టుకుపోయాయో! చూడాల్సినవాటికీ అదే గతి. కొండ మీద కోట ఉందంటే, "మెట్లా? కొట్టీయే." చర్చి గోపురం పైనుంచి ఊరంతా కనబడుతుందంటే, "మనకిప్పుడు కనబడతన్నాది సాలదా?" ట్రాము మాత్రం ఉంచింది. వేసవిలో వీధుల్లోనే నిప్పుల మీద చేపలు కాలుస్తారంటే, దాన్ని రెండుసార్లు చదివించుకుంది. ఒకరోజు పేజీ తిప్పితే, ఊరి నడిమధ్య ఇనపస్తంభం లాంటి లిఫ్టు బొమ్మ. కింది వీధి నుంచి పై వీధికి మనుషుల్ని ఎక్కిస్తుందట, దాన్ని ఎక్కడానికే జనం వరసలో నిలబడతారట. నాయనమ్మ ఆ బొమ్మ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వింది.

"ఓలమ్మా! మన గుమ్మంకాడ ఆగదు గానీ, ఆలు ఈదికే లిఫ్టెట్టినారా!"

వంటింటి కిటికీలోంచి అమ్మ కూడా నవ్వింది. నవ్వి, చేతిలో ఉన్న గరిటెతో అలాగే నిలబడిపోయింది. ఆ కిటికీకి ఊచలుండేవి. ఆ వయసులో నేను అవి దొంగల కోసమే అనుకునేదాన్ని.

తర్వాత ఒక ఆదివారం. నాన్న డ్యూటీకి పోయాడు, అమ్మ మార్కెట్‌కి పోయింది. కింద నేల అంతస్తులో గోడల్లేని ఖాళీ స్థలంలో నాలుగో అంతస్తు మలాయ్ వాళ్ళమ్మాయి పెళ్ళి. పొద్దున్నుంచీ బిరియానీ మసాలా వాసన అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతూ మా ముక్కుల దాకా వచ్చి కూర్చుంది. పదకొండింటికి పెళ్ళికొడుకు వచ్చినట్టున్నాడు, డప్పులు మొదలయ్యాయి. గోడ మీంచి వంగి చూస్తే పందిరి పైకప్పు తప్ప ఏమీ కనబడదు. నాయనమ్మ కుర్చీ చేతుల మీద తాళం వేసింది, ఆపింది, మళ్ళీ వేసింది. చివరికి లేచి నిలబడి వాకర్ పట్టుకుంది.

"ఎక్కడికే నాయనమ్మా?"

"లిస్బన్ ఎల్లాలంటే మెట్లు దిగడం రావాల కదేటే. పద, సూద్దాం."

నేను వద్దనలేదు. డప్పులు నన్నూ లాగుతున్నాయి మరి. ఒక చెయ్యి కమ్మీ మీద, ఒకటి నా భుజం మీద, ఒక్కొక్క మెట్టే దిగి, ఏడుకీ ఆరుకీ మధ్య మలుపు దాకా వచ్చాం. అక్కడ ఆమె కాలు పట్టేసింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. నా చేతిలోని వాకర్ జారి, తనకి మాత్రం ఏ తుంటి నొప్పీ లేదన్నట్టు గలగలమంటూ కింది అంతస్తుకి వెళ్ళిపోయింది. నాయనమ్మని మెల్లిగా మెట్టు మీద కూర్చోబెట్టాను. అమ్మని పిలుద్దామంటే అమ్మ లేదు. పక్కింటివాళ్ళని పిలుద్దామంటే నాయనమ్మ నా జడ పట్టుకుని వదలదు. పైన మా గుమ్మం కనబడదు, కింద పెళ్ళి కనబడదు. నాలుగు వైపులా సున్నం గోడ, సందులోంచి డప్పుల చప్పుడు. ఆమె నా జడని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. ఏం చెయ్యాలో తెలీక, "నాయనమ్మా, ఇదే మన హోటల్" అన్నాను.

ఆమె చుట్టూ చూసింది. "కిటికీ నేదు. కొట్టీయే," అంది. కానీ ఈసారి గొంతులో జీవం లేదు.

అయిదో అంతస్తులో దిగి మెట్లెక్కి వస్తున్న అమ్మ మాకు ముందు చెప్పుల చప్పుడుగా, తర్వాత రెండు చేతులా సంచులుగా, భుజాన వాకర్‌గా కనబడింది. మమ్మల్ని చూసి ఆగింది. నేను తిట్లకి సిద్ధమై మెడ లోపలికి లాక్కున్నాను. అమ్మ తిట్టలేదు. సంచులు దింపింది, మొహం తుడుచుకుంది, అత్తగారి ముందు మెట్టు మీద కూర్చుంది. పైకైతే సగం అంతస్తు. కిందికైతే, లిఫ్టు దాకా, ఒకటిన్నర.

"పైకా అత్తా, కిందికా?" అని అడిగింది.

నాయనమ్మ అమ్మ మొహంలోకి చూసింది. ఇంట్లో ఆమెని ఎటు తిప్పాలో, ఎప్పుడు పడుకోబెట్టాలో అందరూ నిర్ణయించేవాళ్ళం. ఎటు అని అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు.

"కిందికే," అంది.

అమ్మ కూరల సంచి ఖాళీ చేసి, మడతపెట్టి నాయనమ్మ కింద వేసింది. చిన్నపిల్లలు జారుడుబల్ల దిగినట్టు, కూర్చున్న మెట్టు నుంచి కింది మెట్టుకి, అక్కణ్ణించి కింది మెట్టుకి. అమ్మ ముందు వెనక్కి తిరిగి దిగుతూ కాళ్ళు పట్టుకుంది, నేను వెనక చంకలు పట్టుకున్నాను. ప్రతి మెట్టుకీ నాయనమ్మ ఒక దేవుణ్ణి పిలిచేది. తెలుగు దేవుళ్ళు అయిపోయాక పక్కింటి చైనా దేవుణ్ణి కూడా పిలిచింది. కొన్న చేపలు మలుపు దగ్గరే ఉండిపోయాయి. బ్లాకు పిల్లులకి ఆ ఆదివారం నిజంగానే పండగ.

లిఫ్టు తలుపు కింద తెరుచుకోగానే వెలుతురు. పెళ్ళికూతురు తల్లి మమ్మల్ని చూసి "నెనెక్! నెనెక్!" అని, అంటే అవ్వా అని, పరుగెత్తుకొచ్చి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసింది. నాయనమ్మ మలాయ్ ఆమె తెలుగంత పాతది. ఇద్దరూ క్షణంలో చుట్టాలైపోయారు. బంగారు గుడ్డల వేదిక మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ దేవుడి బొమ్మల్లా కదలకుండా కూర్చున్నారు. నాయనమ్మ వాళ్ళని ఒక్కసారి చూసి, ఆ తర్వాత అసలు చూడాల్సినవి చూడ్డం మొదలుపెట్టింది: ఉత్తరాల పెట్టెలు, వరసగా సైకిళ్ళు, గడ్డిలో ఎవరో పోగొట్టుకున్న చెప్పు, పెద్దగిన్నెలో అన్నం కలుపుతున్న మగాళ్ళు, చదరంగం గళ్ళున్న రాతిబల్ల దగ్గర కునికే తాతలు. "ఇది పుస్తకంలో ఏ పేజీయే?" అని నన్నడిగింది. పక్కన అమ్మ బిరియానీ తింటోంది. ఎవరో వడ్డిస్తుంటే అమ్మ కూర్చుని తినడం నేను చూడటం అదే మొదలు. ఇంకొంచెం అని అడిగి మరీ వేయించుకుంది.

సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చి, పిలుపు లేని పెళ్ళిలో తన ఇంటి ఆడవాళ్ళు ముగ్గురూ మలాయ్ పెళ్ళిళ్ళలో వచ్చినవాళ్ళకి కానుకగా ఇచ్చే ఉడికించిన గుడ్లు పట్టుకుని కూర్చోవడం చూసి నోరు తెరిచాడు. పైకి తీసుకెళ్ళడానికి పెళ్ళివారి కుర్రాళ్ళు నలుగురు కుర్చీ నాలుగు కాళ్ళూ ఎత్తారు. నాయనమ్మ మొయ్యొద్దని అంటుందేమోనని మేం భయపడేలోపే డప్పులవాళ్ళు వెనక బయల్దేరారు. అయిదో అంతస్తు నుంచి ఏడు దాకా మెట్లన్నీ మోగిపోయాయి. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

ఆ తర్వాత లిస్బన్ ఊసు ఎత్తలేదని చెప్తే అందంగా ఉంటుంది గానీ, మర్నాడు నాలుగింటికే కేక వచ్చింది. ప్రశ్న మాత్రం మారింది. "ఓటలు కింద ఏటుంటాది? మనుసులుంటారా?" పుస్తకంలో దానికి బొమ్మ లేదు. ఇంకోసారి దిగుదామని అమ్మ చాలాసార్లు అంది, కాలు ఒప్పుకోలేదు. రెండేళ్ళకి నాయనమ్మ పోయింది. మరికొన్నేళ్ళకి మా బ్లాకులో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగడం మొదలైంది, మెట్ల మీద మనుషులు ఎదురుపడటం ఆగిపోయింది.

నేనిప్పుడు కాఫీ షాపులో టీ లాగుతాను, అంటే నురగ వచ్చేలా చెంబు నుంచి చెంబుకి ఎత్తి పోస్తాను. అమ్మకి అప్పటి నాయనమ్మ వయసు, అవే మోకాళ్ళు. లిఫ్టు మా గుమ్మానికి పది అడుగుల్లో ఆగుతుంది, అమ్మ దిగదు. "కింద ఎవరున్నారని?" అంటుంది. రాతిబల్లలున్నాయి, తాతలు లేరు. పెళ్ళిళ్ళు చాలావరకు ఏసీ హాళ్ళకి పోయాయి. అప్పుడు మెట్లు అడ్డం. ఇప్పుడు ఏదీ అడ్డం లేదు, అయినా మనిషి లోపలే.

నా కూతురు ఆశ వన్-నార్త్ వైపు ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. నా కథలు వినీ వినీ విసిగిపోయి, జూన్‌లో మా ముగ్గురికీ లిస్బన్ టికెట్లు తీసింది. అమ్మ రానని మూడు వారాలుగా మొండికేసింది. నిన్న నేను లిఫ్టు దిగి ఇంట్లోకి వచ్చేసరికి ఆశ ఫోన్ పట్టుకుని అమ్మ పక్కన కూర్చుని ఉంది.

"అమ్మమ్మా, లిఫ్టు ఉంది. వీల్‌చెయిర్ కెన్, తీసుకెళ్ళొచ్చు. బ్రేక్‌ఫాస్ట్ ఉంది. ఇంకేం కావాలి చెప్పు లా!"

అమ్మ గోడ వైపు చూస్తూ, "కింద మనుషులుంటారా?" అంది.

ఆశ నా వైపు చూసింది. ఆ ఫోన్‌లో ఈత కొలను కావాలంటే నొక్కడానికి గడి ఉంది, కుక్కపిల్లకి గడి ఉంది, దీనికి లేదు. నేను ఫోన్ వైపు వంగి, లిఫ్టున్న హోటళ్ళలో జనం తిట్టిపోసినవి వెతకమన్నాను. పొగడ్తలొద్దు, తిట్లు చదువు. పిల్ల నాకు పిచ్చెక్కిందనుకుంది గానీ వెతికింది. ఒకచోట ఆగి, నవ్వుతూ తెలుగు చేసి చదివింది.

"ఒక్కటే స్టార్. 'జూన్‌లో వచ్చాం. కిటికీ కింద వీధంతా చేపలు కాల్చిన పొగ, పాటలు, పెళ్ళివాళ్ళ గోల. అరుపులు, పిల్లలు. క్షణం ప్రశాంతత లేదు. ఎవరూ రాకండి.'"

అమ్మ గోడ వైపు నుంచి తల ఇటు తిప్పింది.

"అదే పట్టు," అంది.