పిట్టల మధ్య నిలబడ్డ మామ

ఎండాకాలంలో పిట్టలను చూడటానికి సముద్రపు రేవుకు పోయేవాళ్ళు తక్కువ. చలికాలంలో గుంపులు గుంపులుగా దిగే పక్షులు ఎండలు ముదిరేలోపే ఉత్తరానికి వెళ్ళిపోతాయి. మే నెలలో మిగిలేవి కొంగలు, నీటికాకులు, ఇంకా అంత దూరం ఎగిరే ఈడు రాని ఉల్లంకి పిట్టలు. ఉల్లంకి అంటే బురదలో ముక్కు గుచ్చి పురుగులను ఏరుకు తినే చిన్న పిట్ట. ఈ మిగిలిపోయినవి జంట కట్టవు, గూడు పెట్టవు, పెద్దగా కూయవు. తమవాళ్ళంతా వెళ్ళిపోయాక రంగు వెలిసిన ఈకలతో, ఎవరో వచ్చి ఏదో చెబుతారన్నట్టు బురద మీద నిలబడి ఉంటాయి. ఇంత కదలకుండా నిలబడే పిట్టలను నేను మరెక్కడా లెక్కపెట్టలేదు.

మాది వరంగల్‌లోని కొత్తవాడ. ఏడో తరగతితో బడి మానేసి జంపఖానాల మగ్గం మీద కూర్చున్నాను. ఇంత వెడల్పు జంపఖానాకు పడుగులో నిలువు పోగులు ఎన్ని కావాలి, ఎంత నూలు పడుతుంది, రంగు ఎక్కడ మారాలి అనేవి నోటిలెక్కతోనే చెప్పడం అలవాటైంది. ఎవరూ నేర్పలేదు. పోగులను ఒక్కొక్కటిగా లెక్కపెడితే పొద్దు గూకుతుంది. ఇరవై పోగులు ఎంత మేర పరుచుకుంటాయో కంటితో పట్టుకుని, ఆ మేరను పడుగు అంచు నుంచి అంచుదాకా జరుపుకుంటూ పోవాలి. నలభై దాటాక పిట్టల పిచ్చి పట్టినప్పుడు కూడా ఇదే పద్ధతి వాడాను. గుంపులో ఇరవై పిట్టలు ఎంత మేర ఉన్నాయో చూసుకుని, దానితోనే మిగతా గుంపును కొలిచేవాడిని.

కొన్నేళ్ళ క్రితం మే నెలలో, తూర్పు తీరాన చేపల రేవు ఉన్న ఒక ఊళ్ళో చేనేత ప్రదర్శన పెట్టారు. జంపఖానాల బేళ్ళతో నేనూ మా మామా వెళ్ళాం. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. అరవై దాటినా మగ్గం దిగని మనిషి. పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు బురదలో దిగి వట్టి చేతులతో కొర్రమట్ట చేపలను పట్టడంలో ఆయనకు పెద్ద పేరు. ఇద్దరం అంతకుముందు సముద్రం చూడలేదు.

మొదటి రోజు బేళ్ళు విప్పి సర్దడంతోనే సరిపోయింది. రెండో రోజు తెల్లవారకముందే నేను దుర్భిణి తీసుకుని రేవుకు బయలుదేరితే మామ వెంటబడ్డాడు.

"పిట్టల లెక్కవెట్టి ఏం జేస్తవురా అల్లుడా? ఎవడన్న జీతమిస్తడా?"

"ఊకెనే మామా."

"ఊకెనా! మీ అత్త ఇన్నదనుకో, నిన్ను దవాఖానల సూపెట్టుమంటది."

పడవలు కట్టేసే గట్టు దాటి దక్షిణంగా నడిస్తే ఊరు అయిపోతుంది. అక్కడ ఒక టీ బండి, బోర్లించిన పాత పడవ. ఆ తర్వాత అంతా బురద. కనుచూపు మేర బూడిద రంగు నేల తడిగా మెరుస్తోంది. సముద్రం ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా ఉంది. గాలి లేదు. ఉక్కపోతకు నేల మీది నుంచి ఆవిరి లేచి దూరంగా ఉన్నవన్నీ వణుకుతున్నట్టు కనిపిస్తున్నాయి. బురద మధ్యలో మడుగొకటి, దాని ఒడ్డు పొడవునా పిట్టలు. నేను చూసిన చెరువుల్లో ఎక్కడైనా అన్ని పిట్టలుంటే గోల గోలగా ఉంటుంది. ఇక్కడ చప్పుడే లేదు. అన్నీ ఒకే దిక్కుకు, సముద్రం వైపుకు తిరిగి ఉన్నాయి.

మామ చూసింది పిట్టలను కాదు, మడుగును.

"అల్లుడా, సూసినవా? నీళ్ళన్ని గుంజుకపోయినయి. నడిమిట్ల మడుగు మిగిలింది. శాపలన్ని అండ్లనే ఉంటయి. ఒక్కడు సుత దిగలే! మన దిక్కయితే ఊరు ఊరంత ఉరుకుతది. ఈడోళ్ళకు సోయి లేదు."

"ఇది చెరువు గాదు మామా."

"నీళ్ళు నీళ్ళే, బురద బురదే. నువ్వు నీ పిట్టల సూస్కో. నేను పోయి కూరకు తెస్త."

మా దగ్గర ఎండాకాలం చెరువుకు ఒకటే నడత. నీళ్ళు పోతాయి, అంతే. పొద్దున నడిచిన బురద మధ్యాహ్నానికి ఇంకాస్త గట్టిపడుతుంది. వాన పడేదాకా నీళ్ళు మళ్ళీ రావు. ఆ నమ్మకంతోనే మామ లుంగీ ఎగగట్టి, చెప్పులు పడవ మీద పెట్టి, సెల్‌ఫోన్ చొక్కా జేబులో వేసుకుని దిగాడు. నేనూ అదే నమ్మకంతో ఆపలేదు. ఆటుపోట్లు అనే మాట బళ్ళో చదివాను. పరీక్షలో రాశాను కూడా. అది ఒక ఉదయం పూట నా కళ్ళ ముందు జరిగే పని అని తోచలేదు.

ఒడ్డుకూ మడుగుకూ మధ్య నేల కొంచెం పల్లంగా ఉంది. మామ ఆ పల్లం దాటేటప్పుడు బురద పిక్కలదాకా వచ్చింది. తర్వాత గట్టి నేల దొరికినట్టుంది, నడక మారింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

నేను పడవ అంచు మీద కూర్చుని లెక్క మొదలుపెట్టాను. మడుగు పక్కన పాతిన రెండు వెదురు గడల మధ్య ఉన్న పిట్టలనే తీసుకున్నాను. ఇరవై పిట్టల మేర పట్టుకుని కొలిస్తే నాలుగు మేరలు, పైన ఏడు. ఎనభై ఏడు. దక్షిణం వైపున్న కొంగలను కూడా లెక్కపెట్టి, సరిచూసుకుందామని మళ్ళీ గడల దగ్గరికి వచ్చాను. ఇందాకటి ఇరవై మేరే వేస్తే మూడుకే అయిపోయింది. ఏవైనా లేచి పోయాయా? ఒక్క రెక్క కూడా ఆడలేదు. ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. ఎనభై ఏడే ఉన్నాయి. పిట్టలు తగ్గలేదు, ఇరవై పిట్టల మేర తగ్గింది. అవి దగ్గరికి జరిగి నిలబడ్డాయి.

ఎందుకు జరిగాయో అర్థం కాలేదు. మూడోసారి చూస్తే రెండు మేరలకు కొంచెం పైన. పిట్టకూ పిట్టకూ మధ్య నేల కనిపించడం లేదు. అప్పుడు వాటి కాళ్ళ కింద చూశాను. అవి నిలబడ్డ గట్టు సన్నబడుతోంది. అటూ ఇటూ నేల రంగు మారింది. అల లేదు, నురగ లేదు, చప్పుడు లేదు. బురద మెరుపూ నీటి మెరుపూ ఒకటే కావడంతో ఇంతసేపూ నేను చూస్తున్నది నీళ్ళనే అని తెలియలేదు.

దుర్భిణి ఇవతలికి తిప్పాను. మామ దాటిన పల్లం నిండా నీళ్ళు. ముందు వైపు నుంచి కాదు, ఆయనకు వెనుక నుంచి, ఒడ్డుకూ ఆయనకూ మధ్య నుంచి వచ్చాయి. మామ మడుగు మీద వంగి చేతులతో దేవులాడుతున్నాడు.

ఫోన్ చేశాను. తీశాడు.

"ఆఁ అల్లుడా! రొయ్యలున్నయిరా. జర సంచి పట్కరా."

"మామా, ఒక్కసారి ఎనుకకు సూడు."

"ఏమున్నది?"

"సూడు నువ్వు."

నడుం నిలబెట్టి తిరగడం దుర్భిణిలో కనిపించింది. ఫోన్‌లో ఆయన ఊపిరి వినిపించింది.

"ఈ నీళ్ళెక్కడియిరా? ఎవడన్న తూము ఇడిసిండా?"

"సముద్రం మామా. మళ్ళ వస్తాంది."

"ఎందుకు?"

"ముందుగాల ఒడ్డుకు రా మామా."

ఒడ్డు వైపు నాలుగడుగులు వేశాడు. మొదటిసారి గట్టిగా తగిలిన నేల ఇప్పుడు మోకాలు దాటి దిగింది. కాలు పీకడానికి చాలాసేపు పట్టింది. మామకు బావిలో ఈత వచ్చు. బురద పట్టుకున్న కాలికి ఈత పనికిరాదు. నాకైతే ఆ ఈతా రాదు.

అప్పుడే టీ బండి తలుపు తీస్తున్న ఆవిడ నా అరుపు విని పరిగెత్తుకొచ్చింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"అయ్ బాబోయ్! ఆయన మీవోరేనాండీ? పోటు మొదలైపోయిందండీ! ఇటు రావద్దనండి, ఆ పల్లంలో దిగిపోతారు. ఎక్కడ గట్టిగా ఉందో అక్కడే నిలబడమనండి. నేనెళ్ళి పడవ పంపుతాను." పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "మీరు మాత్రం దిగకండి బాబూ. ఇద్దర్ని వెతకలేం."

గట్టిగా, ఎత్తుగా ఉన్నది ఎక్కడ? పైనుంచి చూస్తే అంతా ఒకటే అద్దం. కొంగ కాళ్ళు జానెడుకు పైన, కొంగను నమ్మి అడుగు వేయకూడదు. ఉల్లంకి కాలు వేలంత. అది నిలబడ్డ చోట వేలు లోతు నీళ్ళకు మించి ఉండవు.

"మామా, చిన్న పిట్టలు కనవడతానయా? గడల కాడ?"

"కనవడతానయి."

"వాటి దిక్కు పో. కొంగల దిక్కు పోకు. చిన్నయి ఉన్నకాడనే నిలవడు."

"లేసిపోతయి గదరా నేను పోతె."

"పోనీ. జాగ యాదుంచుకో."

అవి లేవలేదు. చెరువులో అయితే మనిషి నీడ పడితే చాలు, ఎగిరిపోయే జాతి అది. మామ నీళ్ళు చిమ్ముకుంటూ దగ్గరికి వచ్చినకొద్దీ ఆయన కాళ్ళకు సరిపడా ఎడం ఇచ్చి, ఆయన దాటాక మళ్ళీ మూసుకున్నాయి. మామ గుంపు నడుమకు చేరి నిలబడ్డాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు, ఎవరో నిద్రలో ఉన్న ఇంట్లో మాట్లాడినట్టు.

"లేస్త లేవురా ఇవి."

"మంచిదే. ఫికర్ పడకు. పడవ వస్తాంది."

"నా దిక్కు సూస్త లేవు. అన్ని అటే సూస్తానయి. ఏం సూస్తానయిరా?"

"ఊకె నిలవడ్డయి మామా."

"ఊకె గాదు. నేను మనిషినని ఎరుకలేదురా వీటికి."

తర్వాత ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

పడవ ఇంకా గట్టు మలుపు తిరగలేదు. ఎండ ఎక్కింది, ఆవిరి చిక్కబడింది. దుర్భిణిలో మామ కాళ్ళు కరిగిపోయాయి. మిగిలిన నడుం, తల సాగి సన్నబడి కొంగలా తోచాయి. నీళ్ళు పెరిగినకొద్దీ చోటు చాలని కొంగలు కూడా ఆ గట్టు మీదికే చేరుతున్నాయి. బూడిద రంగు చొక్కా, బూడిద రంగు పిట్టలు. ఒకసారి రెప్ప వేసి తెరిచాక వాటిలో మామ ఏదో నాకు తెలియలేదు. అరిచాను. గుంపులో ఏదీ కదలలేదు.

చేయగలిగిందేమీ లేక లెక్కపెట్టాను. చిన్నవాటిని వదిలేశాను. పొడుగ్గా నిలబడ్డవి పదకొండు. మళ్ళీ పెడితే పదకొండు. అందులో పది కొంగలై ఉండాలి. పదకొండు వచ్చినంతసేపూ మామ ఉన్నట్టు. మూడోసారి పది వచ్చింది. తర్వాత ఒక కొంగ వెనుక నుంచి ఇంకొకటి పక్కకు జరిగింది. అది కొంగో మామో తెలియదు. పదకొండు. ఆ అంకె పట్టుకుని నిలబడ్డాను.

పడవ ఇంజన్ చప్పుడు వినిపించిన కాసేపటికి గుంపంతా ఒక్కసారిగా లేచింది. అప్పుడు కూడా కూత లేదు, తడి బట్ట దులిపినట్టు రెక్కల చప్పుడు మాత్రమే. నా తల మీదుగా ఊరి వైపు వెళ్ళిపోయాయి. అవి లేచిన చోట నేల లేదు. నీళ్ళలో తొడలదాకా మునిగిన మనిషి ఒక్కడు, వెదురు గడను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ముఖం ఇటు లేదు. సముద్రం వైపుకే ఉంది.

పడవవాళ్ళు చంకల కింద చేతులు వేసి లాగితే గానీ గడ వదలలేదట. ఒడ్డుకు తెచ్చి కూర్చోబెట్టాక టీ బండి ఆవిడ రెండు టీలు ఇచ్చింది. డబ్బులివ్వబోతే కసిరింది.

"ముందు తాగండి. ఏ ఊరండీ మీది?"

"వరంగల్ అమ్మా."

"అక్కడ సముద్రం లేదేంటండీ?"

ఆ మాటకు పడవవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మామ నవ్వలేదు. గ్లాసు పట్టుకుని ఆవిడనడిగాడు.

"మళ్ల ఎప్పుడు పోతయమ్మా నీళ్ళు?"

"సాయంత్రానికి తీసేస్తాదండీ. రోజూ ఉండేదే."

మామ లేవనన్నాడు. ప్రదర్శనకు పోదామంటే తల అడ్డంగా ఊపాడు. రూముకు పోదామన్నా అంతే. ఆ రోజు మా దుకాణం తెరవలేదు. పక్క దుకాణంవాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. బోర్లించిన పడవ నీడలో కూర్చుని ఇద్దరం నీళ్ళను చూశాం. మా కాళ్ళకు నాలుగు మూరల దూరందాకా వచ్చి ఆగాయి. చాలాసేపు ఎటూ పోలేదు. ఆ తర్వాత, ఎప్పుడు మొదలైందో తెలియకుండానే తగ్గాయి.

పొద్దు వాలేసరికి బురద మళ్ళీ బయటపడింది. పల్లం, మడుగు, రెండు గడలు అన్నీ పొద్దున ఉన్నట్టే ఉన్నాయి. పిట్టలు వచ్చి గడల మధ్య దిగి సముద్రం వైపు తిరిగాయి. నేను లెక్కపెట్టలేదు.

మామ లేచి బురద అంచుదాకా వెళ్ళాడు. పాదం పెట్టలేదు. పొద్దున తాను దిగిన చోట వంగి చూశాడు. అక్కడి నుంచి మడుగుదాకా చూపు పోనిచ్చి, మళ్ళీ వెనక్కి తెచ్చాడు. పిక్కలదాకా దిగిన అడుగులు, మోకాలిదాకా దిగిన గుంతలు, ఒక్కటీ లేవు. అలికిన నేలలా నున్నగా ఉంది.

"అల్లుడా," అన్నాడు. "నేను గా మడుగు దాక పోయిన గదా?"

"పోయినవ్ మామా."

"నువ్వు సూసినవా?"

"సూసిన."

నా ముఖంలోకి చూశాడు. నిజమే చెబుతున్నానా అని వెతికినట్టుంది. అప్పుడు చెప్పులు చేతికి తీసుకుని, రోడ్డు మీదికి వచ్చేదాకా వట్టి కాళ్ళతోనే నడిచాడు.