పెద్ద ఈరన్న మూలుగు

మూలగడంలో పెద్ద ఈరన్నను మించిన మొనగాడు ఆదోని తాలూకా మొత్తం వెతికినా దొరకడు. జబ్బు చేసి మూలిగేవాళ్లు ఊరూరా ఉంటారు, వాళ్లను లెక్కలోకి తీసుకోకండి. ఈరన్నది ఏ జబ్బూ లేని మూలుగు. తాడిచెట్టంత మనిషి, పత్తి ఫ్యాక్టరీలో హమాలీ. ఇద్దరు కలిసి దొర్లించే దూది బేలును ఒక్కడే వీపున వేసుకుని లారీకెక్కించేవాడు. ఎక్కించి కిందికి దిగి, "అయ్యో, నా నడుమూ!" అని ఒక్క కేక పెట్టి చతికిలబడేవాడు. ఆ కేకకు హమాలీలంతా పని ఆపి కూర్చునేవాళ్లు. అదే ఫ్యాక్టరీలో నేను గుమాస్తాను. లారీ ఆలస్యమైతే సేటు చేత చీవాట్లు తినేది ఎవరనుకున్నారు? నేనే.

"ఏమైందప్పా?" అని పరిగెత్తుకుంటూ పోతే, "నేను బతకను గుమాస్తప్పా. నా చెంబు నువ్వే తీస్కో" అనేవాడు. ఆ రాగి చెంబే అతని ఆస్తి. ఒక బీడీ కాలేంతసేపు అలా చచ్చి, లేచి మళ్లీ బేలు ఎత్తుకునేవాడు. చెంబు మాత్రం నాకెప్పుడూ ఇవ్వలేదు.

కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన మొదటి ఉగాదికి మా గుంపు శ్రీశైలానికి నడిచి బయల్దేరింది. అందులో ఈరన్న కూడా ఉన్నాడని ముందే తెలిస్తే నా మొక్కు మరుసటేటికి వాయిదా వేసుకుని ఉండేవాణ్ణి. గుంపు పెద్ద దేవేంద్రప్ప. చేతిలో గంట పట్టుకుని అందరికన్నా ముందు నడుస్తాడు. ఆయన గంట కొడితే లేవాలి, ఆయన గంట కొడితే కూర్చోవాలి. ఉగాది ముందురోజు సాయంత్రానికి గుడి చేరకపోతే తన పెద్దరికం గంగలో కలిసినట్టే అనుకునే తిక్క మనిషి.

ఆయనకు బయల్దేరేరోజే తగవు ఎదురైంది. మా వీధి హంపమ్మ, అరవై దాటిన ముసలామె, నెత్తిన మూటతో వచ్చి వరసలో నిలబడింది.

"యాడికి హంపవ్వా?"

"నా కూతురింటికి."

అందరూ నవ్వారు. ఆమెకు నలుగురూ కొడుకులే. అయితే మా పక్క జనానికి శ్రీశైలంలోని భ్రమరాంబ తల్లి ఇంటి ఆడపిల్ల లెక్క. ఉగాదికి ఆమెకు పుట్టింటి సారె తీసుకుపోతాం. చీర, పసుపు, కుంకుమ, ఒడిబియ్యం.

"నలుగురు మగోళ్లను కంటి," అంది హంపమ్మ. "సారె పెట్టనీకె ఒక్క ఆడపిల్ల లేకపాయ. ఈ కాళ్లు ఆడతాండంగానే నడిచిపోయి ఆ తల్లికి నా చేత్తో చీర పెట్టాల. మొక్కుకున్యా."

"అడవి దారవ్వా. నీకోసరం గుంపు ఆగదు," అన్నాడు దేవేంద్రప్ప.

"ఆగమని నేనడిగితే కదా!"

"అడిగినావంటే ఆత్మకూరు కాడ్నే వదిలేసి పోతా."

"అడిగితే నా పేరు హంపమ్మే కాదు, పో!"

పంతమంటే అదీ. ఆ పంతంతోనే ఆమె మాతో నడిచింది.

ఇక ఈరన్న సంగతి. ఊరి పొలిమేర దాటామో లేదో, "అయ్యో, నా కాలూ!" అని దారికడ్డంగా పడిపోయాడు. మేమంతా ఆగి, నీళ్లు తాగి, కాస్త ఊపిరి పీల్చుకునేలోగా లేచి కూర్చుని చెనిక్కాయలు నములుతున్నాడు. కాసేపు నడిచాక మళ్లీ పడ్డాడు. దారి పొడుగునా ఇదే తంతు. పొద్దున కుడికాలు కుంటేవాడు, సాయంత్రం ఎడమకాలు కుంటేవాడు. మధ్యాహ్నం ఏ కాలో తేల్చుకోలేక నడుం పట్టుకునేవాడు.

"పొద్దున ఆ కాలు కదప్పా నొచ్చింది?" అని అడిగితే, "అది బాగైపాయ గుమాస్తప్పా. దాని కష్టమంతా దీని మీద పడె" అన్నాడు.

ఆత్మకూరు దగ్గర అతని కేక విని వెనక వచ్చే కన్నడం గుంపు పరుగెత్తుకొచ్చింది. అందులోని జంగమయ్య ఒకాయన నిజంగానే ప్రాణం పోతోందనుకుని, ఈరన్న తల ఒళ్లో పెట్టుకుని నోట్లో తీర్థం పోశాడు. ఈరన్న తీర్థం గుటకేసి, "సామీ, నా చెంబు నీకే" అన్నాడు. అప్పటికే ఆ చెంబుకు నాతో సహా సగం గుంపు వారసులం. కొత్త వారసుడు వచ్చినందుకు మాకు కొంచెం మనస్తాపం కూడా కలిగింది.

అందరికన్నా గట్టిగా తిట్టేది హంపమ్మే. ఈరన్న పడగానే ఆమె ఒక రాయి చూసుకుని కూర్చుని, మూట దించుకుని, కాళ్లు బారజాపి అందుకునేది.

"ఎనుముపోతు మాదిరి ఒళ్లు పెంచితివి, సిగ్గుండొద్దా? నన్ను జూసి నేర్సుకోరా! నేను ఒక్కపారన్నా కూసుందామంటినా?"

"లేదవ్వా," అని ఈరన్న మూలిగేవాడు. "నువ్వు గట్టిదానివి. నాకే ఒళ్లు సహకరించదు."

ఆమె తిట్లు అయిపోయేసరికి అతని నొప్పి కూడా తగ్గిపోయేది. ఇద్దరూ ఒకేసారి లేచేవాళ్లు.

"పైన పటారం, లోన లొటారం!" అని దేవేంద్రప్ప పళ్లు నూరేవాడు. అయినా పడిపోయినవాణ్ణి వదిలేసి పోతే మల్లయ్య మెచ్చడు కదా! ఆగక తప్పేది కాదు.

నాగలూటి దాటి నల్లమల అడవిలోకి వచ్చాక మూలుగులు మరీ దగ్గరయ్యాయి. మెట్టు ఎక్కితే మూలుగు, వాగు దిగితే మూలుగు. ఆ రోజు నడవాల్సిన దారిలో సగమే నడిచాం. పెద్దచెరువు దగ్గర మజిలీ చేసినప్పుడు దేవేంద్రప్ప ఓపిక పూర్తిగా అయిపోయింది. ఈరన్న రొట్టెల గంపలో చెయ్యి పెట్టి ఉండగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఈరన్నా, రేపు పొద్దు గూకేలోపల గుడికాడ ఉండాల. ఇంగ నీ నోట్లోంచి ఒక్క మూలుగు బయటికొచ్చిందో, నిన్ను ఈ అడవిలోనే వదిలి గుంపును తోలుకపోతా. ఈ గంట మీద ఒట్టు!"

రొట్టె ముక్క ఈరన్న నోటి దగ్గరే ఆగిపోయింది. అతను దేవేంద్రప్ప వంక చూడలేదు. అవతల చెట్టు కింద అరికాళ్లకు ఆముదం రాసుకుంటున్న హంపమ్మ వంక చూశాడు. తిండి దగ్గర అతను ఆగడం నేనెప్పుడూ చూడలేదు, అందుకే అది నాకు గుర్తుండిపోయింది.

మర్నాడు భీమునికొలను. ఆ దారి నడిచినవాళ్లకు చెప్పనక్కర్లేదు. లోయలోకి దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి. అవతల కైలాసద్వారం దాకా ఎక్కేటప్పుడు ఆ మోకాళ్లు ఉన్నాయో లేవో కూడా తెలియదు. నిట్టనిలువు రాతిమెట్లు. ఎంత గట్టివాడైనా అక్కడ "చేదుకో మల్లయ్యా!" అని అరవాల్సిందే. బావిలోంచి నీళ్లు చేదినట్టు ఆ స్వామే పైకి లాక్కోవాలి.

ఈరన్న నోరు కట్టేసినట్టు నడుస్తున్నాడు. అతని వెనకే నేను. కొంత దూరం ఎక్కాక హంపమ్మ ఒక మెట్టు మీద ఆగిపోయింది. పెదాలు ఎండిపోయాయి. పక్కనున్న బండను పట్టుకుని పైకి చూసింది. గంట శబ్దం దూరమవుతోంది. ఆగమని అడిగితే మొక్కూ పోయె, మాటా పోయె. అడగలేదు. కాలు కూడా కదపలేదు. చీర మూటను మాత్రం రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. అయ్యో, ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగిపోతుందా అనుకున్నాను.

ఈరన్న గబగబా పోయి ఆమె పక్కన నిలబడి గుసగుసగా అన్నాడు.

"అవ్వా, నాకు చేతనైతాలేదు. మూలిగితే నన్ను ఈడ్నే వదిలేస్తాడు ఆయప్ప. నీ చెయ్యియ్యి. నన్ను చేదుకో అవ్వా!"

హంపమ్మ ముఖంలోకి ఎక్కడలేని జీవం వచ్చింది. "థూ! నీ ఒళ్లు తగలెయ్య! రా, పట్టుకో" అని చెయ్యి చాపింది.

అలా ఎక్కారిద్దరూ. చూసేవాళ్లకు, పిడికెడంత ముసలామె తాడిచెట్టంత మనిషిని ఈడ్చుకుపోతున్నట్టే ఉంది. పైనుంచి దిగివస్తున్న యాత్రికులు ఆగి మరీ నవ్వారు. వెనకనున్న నాకు మాత్రం ఆమె మోచెయ్యి అతని అరచేతిలో ఆనుకుని ఉండడం, ఆమె బరువంతా ఆ అరచేతిలోనే ఉండడం కనిపించింది. ఆదోనిలో బేళ్లు ఎత్తే చెయ్యి అది. మెట్టు మెట్టుకూ ఆమెను లేపి పెడుతోంది.

సగం పైన ఈరన్న ఒక్కసారి ఆగిపోయాడు. కుడికాలు గాల్లోకి లేచింది. ముఖం బిగుసుకుంది. ఇక లేస్తుంది కేక, నల్లమలలో పులులు కూడా పారిపోతాయి అనుకుని నేను రెండు చెవులూ మూసుకున్నాను.

ఏమీ వినబడలేదు. చేతులు తీసి చూస్తే అతను మళ్లీ ఎక్కుతున్నాడు. అతను కాలు మోపిన మెట్టు మీద నెత్తురు మరక. పై మెట్టు మీద ఇంకొకటి.

"ఈరన్నా, నీ కాలు..."

వెనక్కి తిరిగి, నోటిమీద వేలు పెట్టుకుని, కళ్లతో అవ్వను చూపించాడు.

కైలాసద్వారం చేరాక హంపమ్మ మూట దించి, దేవేంద్రప్పకు వినబడేలా ప్రకటించింది. "జూడప్పా! ఈ ఎనుముపోతును నేనే ఈడ్సుకొస్తి!"

"అవునప్పా, అవ్వ లేకుంటే నేను ఆడ్నే పడుంటి," అన్నాడు ఈరన్న.

నేను అతన్ని పక్కకు పిలిచి పాదం చూశాను. ఇంత పొడుగు ముల్లు, లోపలే విరిగి ఉంది. "ఏమయ్యా, ఏమీ లేనప్పుడు అడవంతా ఎగిరిపోయేట్టు అరుస్తావు. ఇప్పుడు అరవడానికేం?"

"ఊరుకో గుమాస్తప్పా," అన్నాడు విసుగ్గా. "నిజంగా నొచ్చినప్పుడు అరిస్తే పక్కనోళ్లు బయపడరా?"

నాకు మా ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. ఈరన్న జతగాడు రంగన్న దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యే ముసలి హమాలీ. "అయ్యో, నా నడుమూ!" అని ఈరన్న కూలబడ్డప్పుడల్లా రంగన్న కూడా పక్కన కూర్చుని దగ్గు తీర్చుకునేవాడు. ఓరి నీ మూలుగు బంగారం గానూ అనుకున్నాను.

పొద్దు గూకకముందే గుడి చేరాం. హంపమ్మ తన చేత్తో అమ్మవారికి చీర పెట్టింది. కూతురితో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఆలీసమాయనని కోపం జేసుకోవద్దమ్మా. తొవ్వలో ఒకడు శానా మూలిగినాడు."

బయటికొచ్చి, మిగిలిన పసుపు కొంగున వేసుకుని, ఈరన్న ఎదుట కూర్చుంది. "ఏ కాలప్పా? ఇదా, అదా?"

"ఏం కాలేదవ్వా."

"నోర్ముయ్. నేను ముసిలిదాన్ని గానీ గుడ్డిదాన్ని గాను. నేను అలిసినప్పుడే నీ కాలు నొస్తాండాదని నాగలూటి కాడ్నే కనుక్కున్యా." ఆమె ముల్లు లాగేసి ఆ తావులో పసుపు అదిమింది. "ఇన్ని దినాలు నాకోసరం అరిస్తివి నాయనా. ఈ ఒక్కపారి నీకోసరం అర్సు."

ఈరన్న నోరు తెరిచాడు. "స్..." అని వచ్చింది, అంతే.

"రాదవ్వా. నిజమైన నొప్పికి అలవాటు లేదు."

గుంపంతా పగలబడి నవ్వింది. దేవేంద్రప్ప ఒక్కడే నవ్వలేదు. గంటను భుజం మీది తువ్వాలుతో తుడుస్తూ తల వంచుకున్నాడు.

ఉగాది అయ్యాక తిరుగుదారి పట్టాం. భీమునికొలను దిగి, ఇవతలి వైపు ఎక్కడం మొదలుపెట్టాం. ఈరన్న ఒట్టుకు భయపడి కిమ్మనకుండా కుంటుతున్నాడు. కొంచెం దూరం పోయాక ముందున్న గంట ఆగింది. దేవేంద్రప్ప వెనక్కి తిరిగి హంపమ్మను చూశాడు. తర్వాత ఈరన్నను చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఏమప్పా ఈరన్నా, ఇంగా కాలు నొయ్యలేదా?"

"లేదప్పా. బాగుండాది."

"బాగుంటే ఎట్లప్పా! నొయ్యాల్సిన తావు వచ్చె. మూలుగు, బిన్నా మూలుగు, ఆలీసం చెయ్యాకు!"

హంపమ్మ అప్పటికే రాయి చూసుకుంటోంది. "ఏ కాలో చెప్పి పడు నాయనా, తిట్టనీకె నాకు తెలియాల గదా."

ఈరన్న ముఖం విప్పారింది. గాయమున్నది కుడికాలికి. అతను ఎడమకాలు పట్టుకుని, "అయ్యో, నా కాలూ! సస్తాండా! నా చెంబు దేవేంద్రప్పకే!" అని అడవి మార్మోగేలా కేక పెట్టి కూలబడ్డాడు.

అందరికన్నా ముందు కూర్చున్నది దేవేంద్రప్పే.