తిన్నాక పెట్టిన పరీక్ష

మా అక్క పేరు జాంగిల్. డాక్టరే గాని, బతుకంతా డాక్టర్లకు పాఠాలు చెప్పడంతోనే సరిపోయింది. మా కిర్గిజ్ రాజధాని బిష్కెక్ నుంచి వ్యానులో దొలోన్ కనుమ దాటి, మా నారిన్ వైపు జిల్లా ఆసుపత్రులన్నీ తిరిగేది. ఏ జబ్బుతో చేరిన రోగికైనా షుగర్ కూడా ఉంటే దాన్నెలా చూసుకోవాలన్నది ఆవిడ పాఠం. ఎవరిక్కావాలి ఆ పాఠం? వాళ్ళకు కావలసింది కోర్సు చేశామని చెప్పుకునే కాగితం. అది లేకపోతే హోదా పెరగదు. వెనక వరసలో కూర్చుని హాయిగా ఫోన్లు చూసుకునేవారు.

అక్కకు చిన్నప్పటి నుంచీ షుగరే, ఇన్సులిన్ సూది లేకపోతే బతకని రకం. మేమంతా రొట్టెకు జామ్ పూసుకుంటుంటే తను బల్ల దగ్గరే కూర్చుని పొట్టలో సూది గుచ్చుకునేది. "నొప్పి పుట్టదుటే?" అనడిగితే, "మీరట్లా గుడ్లప్పగించి చూస్తేనే పుడుతుంది" అనేది. రోగిష్టి పిల్లని ఎవరూ చేసుకోలేదు. సంబంధాలు చూసినవాళ్ళు మా ఇంట్లో టీ తాగి మరీ వెళ్ళిపోయారు, వాళ్ళ మొహాలు మండ.

ఆవిడ పాఠంలో ఒక ముక్క నాకూ నోటికొచ్చు, ఎన్నిసార్లు విన్నానో. తినని రోజు భోజనం ముందు వేసే సూది మానొచ్చు. రాత్రి వేసే సూది మాత్రం మానకూడదు, తిన్నా తినకపోయినా ఒంటికి అది కావాలి.

నేను కాపురం చేసేది ఈ లోయలోనే. ఒక ఏడు మా ఊరి ఆసుపత్రిలో కోర్సు పెట్టారు. పరీక్ష ముందు రోజు సాయంత్రం సర్జన్ సపార్‌బాయ్ తన ఇంట్లో గొర్రెను కోశాడు. మా దగ్గర గౌరవమంటే అదే. పెద్ద అతిథికిచ్చే తొంటి ముక్క అక్క ముందు పెట్టారు, భుజాల మీద శాలువా కప్పారు, ఒక్కొక్కరే లేచి పొగిడారు. మర్నాడు పరీక్షలో ఆ సపార్‌బాయే, తినని రోగికి సూదులన్నీ ఆపాలని రాశాడు.

అక్క మా ఇంటికొచ్చి తల పట్టుకు కూర్చుంది.

"పరీక్షలో తప్పించెయ్యి, పీడా పోతుంది" అన్నాను.

"వాడి గొర్రె ఇంకా నా పొట్టలోనే ఉందే. అక్కడ తిని ఇక్కడ తప్పిస్తే, ఈ లోయలో మళ్ళీ ఎవరైనా నన్ను గుమ్మం తొక్కనిస్తారా?"

"మరి రోగుల సంగతి?"

"విడిగా కూర్చోబెట్టి చెప్తాలే."

చెప్పింది. అతను తలూపి, "అలాగే అక్కా, మీరు చెప్పాక ఇంకేముంది" అని టీ పోశాడు. పాసైపోయాడు.

రెండు చలికాలాలు గడిచాయి. కనుమ దిగుతుంటే మంచులో వ్యాను జారి బోర్లా పడింది. అక్క తొడ ఎముక విరిగింది. మా ఊరి ఆసుపత్రికే తెచ్చారు. మర్నాడు ఆపరేషన్ కాబట్టి ఏమీ తినొద్దన్నాడు సపార్‌బాయ్. సూదులూ ఆపించాడు. సూదులున్న అక్క సంచిని నర్సు బీరువాలో పెట్టి తాళం వేసింది.

"సపార్, నా రాత్రి సూది ఆపకు నాయనా" అంది అక్క, నొప్పికిచ్చిన మందుతో నాలుక మడతపడుతుంటే.

"తినని మనిషికి సూది వేస్తే షుగర్ పడిపోదూ? ఇప్పుడు మీరు డాక్టరు కాదక్కా, పేషెంటు. పడుకోండి."

నేను వరండాలోకి అతని వెంటబడ్డాను. "ఆపొద్దని ఆవిడే మీకు చెప్పింది కదండీ, కోర్సులో."

"మీ అక్క దగ్గరే నేర్చుకున్నానమ్మా. పాస్ చేసిందీ ఆవిడే" అన్నాడు నవ్వుతూ.



ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత కూడా రాత్రి సూది మొదలెట్టలేదు, షుగర్ మరీ పెరిగినప్పుడు ఏదో కాస్త సూది వేసి ఊరుకున్నారు. అక్క వాంతులు చేసుకుంది. ఎగశ్వాస పట్టింది, ఊపిరి కుళ్ళిన ఆపిల్ వాసన కొట్టింది. మత్తుమందు వల్లేనన్నారు. విషయం అర్థమై బిష్కెక్‌కు ఫోన్ చేసేసరికి అక్క పలకడం మానేసింది. బతుకంతా ఏది ఆపొద్దని అరిచిందో, అది ఆపితేనే చచ్చిపోయింది.

అక్క పోయిన నలభయ్యో రోజు విందుకు సపార్‌బాయ్ గొర్రెను తోలుకొచ్చాడు. మా గుమ్మంలో నిలబడి ఏడ్చాడు, దొంగ ఏడుపు కాదు. చావింటికి తెచ్చిన గొర్రెను వెనక్కి పంపకూడదు. మా ఆయన తాడందుకున్నాడు. వండింది నేనే, నా చేతులతో.

అక్క చోట కొత్తగా వేసిన అమ్మాయి ఐచూరెక్ కూడా వచ్చింది. మర్నాటి నుంచి మా ఆసుపత్రిలోనే ఆ పిల్ల కోర్సు. తొంటి ముక్కను సపార్‌బాయ్ స్వయంగా తీసి ఆ పిల్ల ముందు పెట్టాడు. "తీసుకో చెల్లీ, మా టీచరమ్మవి నువ్వే ఇక." ఆ పిల్ల మొహమాటంగా నవ్వి చెయ్యి చాపింది.

నేను లేచి వెళ్ళి ఆ పళ్ళెం తీసేశాను. మా ఆయన నా చెయ్యి పట్టి లాగుతున్నాడు.

"ముందు పరీక్ష పెట్టమ్మా" అన్నాను. "తర్వాత తిందువుగాని."